మట్టి ఆనీ మేజోళ్లు

ఆ కాలేజీ వెనకవైపు, కాలవ గట్టుకు ఆనుకుని ఒక బట్టీ గది ఉంది. ఒకప్పుడు పిల్లలు మట్టితో కుండలూ బొమ్మలూ చేసి అక్కడ కాల్చేవాళ్లు. మూడేళ్ల కిందట ఆ కోర్సు ఎత్తేశారు. గదికి తాళం వేశామన్నారు. అప్పటి నుంచి అది మట్టి ఆనీది.

ఎవరీ ఆనీ అంటే... నూలు మిల్లుల కాలంలో మట్టి గుంటలో పడి చచ్చిపోయిన పిల్ల అంటారు. చూసినవాళ్లు లేరు. కానీ చీకటి పడ్డాక ఆ గదిలోంచి దగ్గు వినబడుతుందనీ, తెల్లవారేసరికి నడవాలో తెల్లటి అడుగులు పడి ఉంటాయనీ ఇంగ్లండు దేశపు లంకషైర్‌లోని ఆ చిన్న ఊళ్లో అందరూ చెప్పుకుంటారు. మరీ ముఖ్యంగా కాలేజీ పంతుళ్లు. టీలో బిస్కెట్లు ముంచుకుంటూ చెప్పుకునేవాళ్లు. "నిన్న నేనూ విన్నా, ఏడుస్తోంది పాపం" అని ఒకాయన అంటే మిగతావాళ్లు నవ్వేవాళ్లు.

ఏడుపు విన్నారు. నవ్వారు. ఒక్కరూ తలుపు తీయలేదు.

వీళ్లంతా పిల్లల రక్షణ మీద ఏటేటా శిక్షణ పొందినవాళ్లే. కంప్యూటరు ముందు కూర్చుని ఇరవై ప్రశ్నలకు టిక్కులు పెట్టి, పత్రం పుచ్చుకుని, కేకు తిని ఇంటికెళ్లినవాళ్లే.

జనవరిలో డోరీన్ హిండిల్ ఆ నడవా తుడిచే పనికి వచ్చింది. అరవై ఆరేళ్ల మనిషి. పడుచుతనంలో చెప్పుల ఫ్యాక్టరీ గేటు ముందు పద్నాలుగు వారాలు సమ్మెలో నిలబడింది. ఉదయం అయిదింటికి పని మొదలు. ఆ ఊళ్లో జనవరి నెలలో ఉదయం అయిదంటే నడిరాత్రితో సమానం.

"అటు వెళ్లకు డోరీన్," అన్నాడు రాత్రి కాపలా చూసే క్లైవ్ ఆర్మెరాడ్, టీ కప్పు చేతిలో పెడుతూ. "నీకు ముందు చేసినామె బకెట్టు వదిలేసి పారిపోయింది."

"కడిగి పెట్టిపోయిందా?"

"నవ్వులాట కాదు. ఇటు చూడు."

తన బల్ల మీది కంప్యూటరు ఆమె వైపు తిప్పాడు. ఏ తలుపు ఎవరి కార్డుతో తెరుచుకుందో అందులో పడుతుంది. వరసగా పేర్లు... ఒక్కచోట మాత్రం, బట్టీ వైపు తలుపు, రాత్రి పదకొండున్నర. పేరు ఉండాల్సిన గడి ఖాళీ.

"నవంబరు నుంచి ప్రతి రాత్రీ ఇంతే," అన్నాడు గొంతు తగ్గించి. "కార్డు ఉంది. మనిషి లేదు."

"పైవాళ్లకు చెప్పావా?"

"చెప్పా. యంత్రం చెడిపోయుంటుంది, మరమ్మతులవాళ్లకు రాయమన్నారు. రాశా. వాళ్లూ భయపడి రాలేదు."

"దెయ్యానికి కాదులే. పనికి భయపడుంటారు."

సోమవారం నడవాలో తెల్లటి అడుగులు కనిపించాయి. తుడిచింది. మంగళవారం మళ్లీ పడ్డాయి – బట్టీ గది గుమ్మం నుంచి ఆడపిల్లల మరుగుదొడ్డి దాకా, మళ్లీ వెనక్కి. బుధవారం ఆమె తుడుపుకర్ర గోడకు ఆనించి, మోకాళ్లు పట్టుకుని వంగింది.

చిన్న పాదాలు. మట్టి పొడిలో నూలు అల్లిక అచ్చు పడినట్టుగా ఉంది. ఎడమ పాదం దగ్గర మాత్రం... బొటనవేలు విడిగా, స్పష్టంగా. చుట్టూ గుండ్రటి అంచు.

చిరుగు.

చచ్చినవాళ్ల మేజోళ్లకు చిరుగులుండవు అనుకుంది డోరీన్.

ఆ నడవాలో మనిషి కదలకపోతే దీపాలు వాటంతటవే ఆరిపోతాయి. ఆరిపోయాయి. కటిక చీకటి. ఎక్కడో గొట్టాల్లో నీళ్లు గుడగుడలాడాయి. తలుపు అవతల –

దగ్గు.

నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గిన దగ్గు.

డోరీన్ తలుపు మీద చెయ్యి వేసి నెట్టింది. తెరుచుకుంది. మూడేళ్లుగా ఏ తాళానికి అందరూ భయపడ్డారో, ఆ తాళమే లేదు.

లోపల, వేడి నీళ్ల గొట్టాల పక్కన, తెల్లటి మొహం. రెండు కళ్లు.

"మిస్..." గుసగుస. "ఎవరికీ చెప్పకండి మిస్."

"నేను మిస్‌ని కాను తల్లీ, తుడిచేదాన్ని. చెప్పకుండా ఉండనని ముందే చెబుతున్నా. నీ పేరేంటి?"

"డెమీ. డెమీ ఆస్పినాల్. పదిహేడేళ్లు."

"ఇల్లు లేదా?"

"ఉంది." మేజోడు చిరుగును వేళ్లతో మూసింది. "అమ్మతో ఉండే అతను... నా గది గడియ ఊడబీకేశాడు."

డోరీన్ ఇంకేమీ తవ్వలేదు. "ఇక్కడ ఎవరికైనా చెప్పావా?"

"మా సర్‌కి చెప్పా. పైకి పంపిస్తానన్నారు. హాజరు చూసే ఆవిడకి చెప్పా. ఆవిడా పైకి పంపిస్తానంది. తర్వాత ఉత్తరం వచ్చింది, నన్ను తీసేశామని."

పైన అంటే ఫిలిపా క్రేన్. వైస్ ప్రిన్సిపాల్, పిల్లల రక్షణకు బాధ్యురాలు. చేరి ఆరు వారాలు దాటకముందే మానేసిన పిల్లలు కాలేజీ ఫలితాల శాతంలోకి రారు. అందుకని సరిగా రాని పిల్లల్ని నలభయ్యో రోజున ఏరి పేర్లు కొట్టేస్తారు. ఎందుకు రావడం లేదో చెప్పిన కాగితం ఇంకా ఎవరి బల్ల మీదో పైకి వెళుతూనే ఉంటుంది. పేరు కొట్టేయడం ఒక విభాగం పని, కార్డు ఆపడం ఇంకో విభాగం పని. మొదటి విభాగం మహా చురుకు. అందుకే డెమీ పేరు పోయింది, కార్డు మాత్రం తలుపు తెరుస్తూనే ఉంది.

మరుగుదొడ్డి తలుపుల వెనక ఒక కాగితం అతికించి ఉంటుంది. కాలేజీ పట్టించుకోకపోతే స్థానిక కౌన్సిల్ పిల్లల సంక్షేమ విభాగానికి ఎవరైనా నేరుగా ఫోన్ చేయొచ్చని, అన్నిటికంటే కింద, చీమల్లాంటి అక్షరాల్లో. రోజూ తుడిచే డోరీన్‌కి ఆ నంబరు కంఠతా వచ్చు. ఆరు కాకముందే ఫోన్ చేసింది.

ఏడున్నరకల్లా కౌన్సిల్ ఆవిడ వచ్చింది. డెమీని ముందువైపు హాల్లో బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కనే కూర్చుని మెల్లగా మాట్లాడింది. క్లైవ్ తన దుప్పటి కప్పాడు. వెన్న రాసిన రొట్టె తెచ్చాడు.

"ఈ రాత్రికి నీకు గది చూశాం," అంది ఆవిడ. "లోపల గడియ ఉంటుంది."

ఎనిమిదిన్నరకు ఫిలిపా వచ్చింది. మెడలో పసుపు పట్టీ, దాని మీద 'నాతో చెప్పుకోవచ్చు' అని అచ్చు. బెంచీ మీద మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఈ అమ్మాయి... మా జాబితాలో లేదే," అంది గుసగుసగా.

"లేదు మేడమ్," అంది డోరీన్. "అందుకే ఇన్నాళ్లూ దెయ్యమైంది."

కౌన్సిల్ ఆవిడ క్లైవ్ వైపు తిరిగింది. "ఈమెది కాక పేరు లేని కార్డులు ఇంకెన్ని ఉన్నాయండీ?"

క్లైవ్ ఇన్నాళ్లూ బట్టీ వైపు తలుపు తప్ప ఇంకోటి చూడలేదు. కంప్యూటరు దగ్గరికి వెళ్లాడు.

"పదకొండు," అన్నాడు. "వాటిలో పదింటిని అక్టోబరు నుంచీ ఎవరూ వాడలేదు. పదకొండోది..."

తెర మీద ఆ వరస చూపించాడు.

"పాత నాటకశాల, వెనక తలుపు. ఈ తెల్లవారుజామున నాలుగూ పది. లోపలికి... బయటికి రాలేదు."

"ముందు ఒక ఫారం నింపి..." అని ఫిలిపా మొదలుపెట్టింది.

డోరీన్ అప్పటికే తాళాల గుత్తి అందుకుని నడవాలో సగం దూరం వెళ్లింది. ఆమె ముందు ఒక్కో దీపమే వెలుగుతోంది.