రెండు తులాల మొగ్గు

నన్ను లంచగొండి అన్న మొదటి మనిషి చెన్నమ్మ. అదీ ఎమ్మిగనూరు సంతలో, రెండొందల మంది ముందు. తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు ఒళ్లు మండుతుంది.

నేను చేసిన తప్పేమిటో మీరే చెప్పండి. అది యాభై ఏడో సంవత్సరం. నా పేరు దామోదరం. తూనికల ఇన్‌స్పెక్టరుగా కొత్తగా చేరి ఆదోనిలో ఉంటున్నాను. వ్యాపారులంతా ఏడాదికొకసారి తమ తక్కెడలూ తూకం రాళ్లూ తెచ్చి నాకు చూపించాలి. వాటిని సర్కారు ఇత్తడి రాళ్లతో సరిచూసి, సరిపోతే ముద్ర కొడతాను, లేకపోతే వెనక్కి పంపుతాను. ఇందులో లంచానికి చోటెక్కడుంది?

ఆ రోజు షావుకారు శేషప్ప తన తక్కెడను నిగనిగలాడేలా తోమించి తెచ్చాడు. వెంట్రుకవాసి తేడా లేదు. ముద్ర కొట్టాను. అతని వెనకే చింతపండు అమ్మే పిల్ల చెన్నమ్మ వచ్చి ఒక ఇనుప వీశె రాయిని ఠపీమని బల్ల మీద పెట్టింది. తూచాను. రెండు తులాలు ఎక్కువ తూగింది.

"ఇది చెల్లదు," అన్నాను.

"ఎంత తక్కువుండాది?"

"తక్కువ కాదు, ఎక్కువ."

ఆమె కళ్లు అసలే పెద్దవి. ఇంకా పెద్దవి చేసుకుని నన్ను చూసింది. అలా చూడడం నేరమని ఏ చట్టంలోనూ లేదు కాబట్టి ఊరుకున్నాను.

"ఎక్కువుంటే నీకేం నొప్పప్పా? పోయేది మా సొమ్ము గదా!"

"రూల్ రూలే. ఈ రాయితో అమ్మితే ఎక్కువిస్తావు. ఇదే రాయితో కొన్నావనుకో, ఎదుటోళ్లను ముంచుతావు."

"మేం కొనేదేముండాది? సెట్టుకు కాసింది అమ్ముకునేటోళ్లం! ముంచేటోళ్లకేమో టంగుమని ముద్ర కొట్టి పంపినావు. ఎంతిచ్చినాడు శేషప్ప?"

సంత సంతంతా గొల్లుమంది. నాకు తల కొట్టేసినట్టయింది.

"నోరు అదుపులో పెట్టుకో! ఆయన తక్కెడ సరిగ్గా ఉంది. నా కళ్లతో చూసినా."

"నీ బల్ల మీద సూసినావు. ఆయప్ప అంగట్లో సూసినావా? సంతనాడు సంతనాడు నా కాడ గింజ తీసిన చింతపండు పిడికెడు కొంటాడు. అదీ కూలోళ్లు శెనక్కాయలు తెచ్చే పొద్దుకే! ఏంటికో పోయి అడుగు. ఆయప్ప ఇంట్లో పులుసు సంతనాడే కాస్తారేమో!"

వీశెను నా బల్ల మీదే వదిలేసి, కొంగు దోపుకుని విసవిసా వెళ్లిపోయింది.

వారం రోజులు నాకు అన్నం సయించలేదు. ఎంత పొగరు! మాది కోసిగి. మా అమ్మ లింగమ్మకు కూలి కింద శెనక్కాయలే ఇచ్చేవాళ్లు. ఇంట్లో కొలుచుకుని తీసుకుపోయినా అంగట్లో ఎప్పుడూ తక్కువే తూగేవి. అమ్మ ఏడ్చుకుంటూ తిరిగొచ్చేది. ఆ ఏడుపు చూసే నేను ఈ ఉద్యోగం కోరి తెచ్చుకున్నాను. అలాంటి నన్నా లంచగొండి అనేది!

ఆమెది అబద్ధమని తేల్చి, అదే సంతలో అందరి ముందూ ఆమెతో తప్పు ఒప్పించాలని మళ్లీ సంతనాటికి ఎమ్మిగనూరులో దిగాను. దిగీ దిగగానే వాన. పెద్దకడుబూరు నుంచి వచ్చిన రంగమ్మ అనే కూలి మనిషి శెనక్కాయలను ముందే నా ఇత్తడి రాళ్లతో తూచాను. సరిగ్గా రెండు వీశెలు. తల మీద గోనెసంచి కప్పుకుని, ఆమె తాలూకు మనిషిలా వెనకే నడిచాను. దారిలో చెన్నమ్మ నన్ను చూసింది. గోనెసంచి కింద బూట్లేసుకున్న కూలోణ్ణి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుకోనీ, కాసేపట్లో తెలుస్తుందిలే అనుకున్నాను.

శేషప్ప తూచాడు.

"రెండు వీశెలకు పది తులాలు తక్కువుండాది రంగమ్మా. దారెంబడి తినుకుంటా వచ్చినావా ఏం?"

నా చెయ్యి దానంతటదే రాళ్లు పెట్టిన పళ్లెం కిందికి పోయింది. జిగటగా తగిలింది. నల్లటి చింతపండు ముద్ద ఊడి నా అరచేతిలో పడింది.

నేను గోనెసంచి తీసినా శేషప్ప తొణకలేదు. పైగా నవ్వాడు.

"ఏం సారూ, ఇది మీరు ముద్ర కొట్టిన తక్కెడే గదా? తప్పంటే నాదొక్కటేనా? పై ఆఫీసరుకు ఏమని రాసుకుంటారు? కొత్త ఉద్యోగం. వానలో తడవకుండా ఇంటికి పోండి."

ఎంత దగా! నా ముద్ర చూపించే వీళ్ల కడుపు కొడుతున్నాడన్నమాట. వారం రోజులు నేను తిట్టుకున్న పిల్ల చెప్పిందంతా నిజం. రంగమ్మ ఖాళీ సంచి పట్టుకుని నా ముఖం చూస్తూ నిలబడింది. మా అమ్మ కూడా ఇలాగే నిలబడేది.

ఉలి తీసి, ఆ తక్కెడ మీద నేను కొట్టిన ముద్రను నేనే చెక్కేశాను.

"రాసుకుంటాను షావుకారూ. నా పేరూ రాసుకుంటాను. అంగడికి పోయి చూడకపోవడం నా తప్పేనని రాస్తాను."

రాశాను కూడా. శేషప్పకు జరిమానా పడింది. నాకు చీవాట్లతో ఒక మెమో వచ్చింది. అది ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

ఆ రోజు జప్తు చేసిన తక్కెడ పట్టుకుని బయటికొస్తే చెన్నమ్మ తడుస్తూ నిలబడి ఉంది.

"అందరి ముందర నన్ను అంత మాట అన్నావు," అన్నాను. ఏం చేయను, ఆ కోపం అప్పటికీ చల్లారలేదు.

"అనకుంటే వచ్చేటోడివేనా?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "లంచగొండి అన్న మాట మాత్రం తప్పే. మరి మా రాయి?"

"చెల్లదు."

"ఇంకా చెల్లదా! నీ రూల్‌కు రోగమొచ్చ! పోయి మా నాయనకు నువ్వే సెప్పు."

ఆ రాయి పట్టుకుని చెప్పడానికి వెళ్లాను. ఒకసారి చెప్పి వస్తే సరిపోయే పనికి నాలుగు వారాలు వెళ్లాను. వెళ్లినప్పుడల్లా ఆమె మజ్జిగ ఇచ్చేది, నన్ను తిట్టేది. తిట్టని రోజు నాకు తోచేది కాదు. వాళ్ల నాయన భీమన్న మాత్రం నాలుగు వారాలూ ఒకటే మాట అన్నాడు.

"రాయిలో సీసం తీయనీను సారూ. ఆ రెండు తులాలూ కావాలనే పోసినా. ఒకప్పుడు వేరే ఊర్లో ఒక షావుకారి కాడ తూకమేసేటోణ్ణి. ఎనిమిదేండ్లు ఆయప్ప సెప్పినట్ల తక్కువ తూసినా. ఆ పాపం ఇట్ల తీర్చుకుంటాండా."

"యాడ తూసినావు?" నాలుగో వారం అడిగాను.

"కోసిగిలో."

నాకు కోపం నషాళానికంటింది. "మా అమ్మ లింగమ్మ నీ దగ్గరే ఏడ్చిపోయి ఉంటుంది. గుర్తుందా?"

"ఎందరో లింగమ్మలు నాయనా. మొగాలు గుర్తు లేవు. ఈ సేతికి మాత్రం గుర్తుండాది," అని కుడి చెయ్యి ముందుకు చాపాడు.

చెన్నమ్మ మజ్జిగ చెంబుతో గుమ్మంలో నిలబడిపోయింది. ఆ రోజు తిట్టలేదు. నేను మజ్జిగ తాగకుండా వచ్చేశాను. బస్సు ఆదోని చేరేలోగా నాకు ఒకటి అర్థమైంది. ఆ పిల్ల లేకుండా నేను ఉండలేను. మా అమ్మకు చెప్పకుండా ఆమెను చేసుకోనూ లేను.

చెప్పాను. అమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది.

"నా కూలి తిన్నోని బిడ్డనా? తీసుకుపో నన్ను. వాని మొగం సూడాల!"

తీసుకుపోయాను. భీమన్న అమ్మ ముందు తల ఎత్తలేదు. అమ్మ ఆ వీశెను చేతిలోకి తీసుకుని బరువు చూసింది.

"ఈ సీసమేంది?"

"మోసం చేసినందుకు పోసినా అక్కా."

"రాయి కూడా మోసమే గదా మల్ల! తక్కువా వద్దు, ఎక్కువా వద్దు, రాయి సరిగా ఉండనీ. ఇయ్యాలనుంటే కొసరెయ్యి. కొసరు సేత్తో ఏస్తారు, సీసంతో కాదు. రేయ్ దామోదరం, కొసరుకు మీ సర్కారులో రూల్ ఉండాదా?"

"లేదమ్మా."

"అయితే ఆ సీసం తీసెయ్యి."

అక్కడే తొలిచి రెండు తులాలు తీశాను. సరిచూసి ముద్ర కొట్టాను. చెన్నమ్మ నా వంక చూస్తోంది. ఇక దాచుకోవడం నా వల్ల కాలేదు.

"నాకు నువ్వంటే ఇష్టం. సంతలో తిట్టిన రోజు నుంచే," అన్నాను, ఇద్దరు పెద్దల ముందే.

"మూడు వారాలు మజ్జిగ తాగిపోయినావు. ఈ మాట అప్పుడే సెప్పేదానికి ఏం నొప్పి?" అంది చెన్నమ్మ. ఆ కళ్లల్లో నీళ్లున్నాయి. "నాకూ అంతే గదా!"

అమ్మ భీమన్న వైపు తిరిగి, "ఒక వీశె చింతపండు తూయి," అంది.

భీమన్న తూచాడు. ముల్లు నిటారుగా నిలబడింది. అమ్మ కొంగు పట్టింది. అందులో వీశె పోసి, పైన దోసిటితో కొసరు వేశాడు. ఇంకో దోసిలి వేశాడు. ఇంకోటి వేశాడు. అతని చేతులు ఆగడం లేదు. అమ్మ కొంగు బరువుకు కిందికి సాగింది.

జన్మలో ఏ అంగట్లోనూ అనని మాట మా అమ్మ ఆ రోజు అంది.

"సాలు భీమన్నా. ఇంక సాలు. పిల్లను యా నెల పంపిస్తావో సెప్పు."