పెట్టెలో ఏముందని అడగనివాడు

కృష్ణలో తేలిన శవం మెడకు టై ఉంది.

మఠంపల్లి దగ్గర జాలరులు ఒడ్డుకు లాగారు. కాళ్ళకు కొత్త బూట్లు. వెన్నులో ఒకే ఒక్క బుల్లెట్.

"బి.కాం. కుర్రాడు. పోయినేడు ఉద్యోగంలో చేరిన రోజే చంపేశారు," అన్నాడు గూఢచారి శాఖ చీఫ్, ఫొటోను బల్లమీద ముందుకు తోస్తూ. "పసిఫిక్ డెక్కన్ ఫర్టిలైజర్స్. పెద్ద కంపెనీ. ఏటా ఒక గ్రాడ్యుయేట్‌ను ఫీల్డ్ ఆఫీసర్‌గా తీసుకుంటుంది. అది పైకి వేసుకున్న ముసుగు. వెనక ఉన్నది విదేశీ ముఠా."

ఏజెంట్ రామనర్సయ్య సిగరెట్ ఆర్పేశాడు. "టార్గెట్?"

"మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ గేట్లు. యుద్ధం వచ్చేలా ఉంది. ఇప్పుడు ఆ గేట్లు పేలితే కింది ఊళ్ళన్నీ మునుగుతాయి. టై కట్టుకున్న ఆఫీసర్ పెట్టెతో వస్తే ఎవడూ ఆపడు, సలాం కొడతాడు. బాంబుతోపాటు వాడూ పోతాడు. ఈసారి సెలెక్టయ్యేది నువ్వే కావాలి. లేదంటే ఇంకో అమాయకుడు చస్తాడు."

అది 1971 నవంబరు.

సూర్యాపేటలో రాతపరీక్ష. ఉన్నది ఒక్క ఉద్యోగం. బడి హాలు నిండి వరండాలో కూడా బల్లలు వేశారు. ఫలితాల్లో రామనర్సయ్యది మొదటి పేరు. రెండోది గట్టయ్య, నడిగూడెం గొర్ల కాపరి కొడుకు, బి.ఎస్సీ. ఫస్ట్ క్లాస్.

కోదాడలో గ్రూప్ డిస్కషన్. దానికి ముందు ఇద్దరూ హోటల్లో చాయ్ తాగారు.

"ఎన్ని ఇంటర్వ్యూలకు పోయినవ్ తమ్మీ?"

"లెక్క పెట్టుడు బందు చేసిన అన్నా. అడిగిన కాడల్లా అనుభవం ఉన్నదా అంటరు. ఎవ్వడు నౌకరియ్యకపోతే అనుభవం యాడికెళ్ళి వస్తది?" గట్టయ్య నవ్వాడు. కళ్ళు నవ్వలేదు. "వచ్చే నెలకు నాకు వయసు దాటిపోతది. ఇదే ఆఖరు. ఇది వస్తే ముందు పెద్దగట్టు ఎక్కాలె. కంపెనోళ్ళు ఏమిస్తే అది లింగమంతుల సామి కాళ్ళ కాడ పెట్టినంకనే పనికి పోవాలెనని మా అమ్మ మొక్కింది."

రామనర్సయ్య సగం చాయ్ వదిలేశాడు. ఇతణ్ణి ఓడించాలి. ఓడిస్తేనే బతుకుతాడు.

డిస్కషన్‌లో రామనర్సయ్య చెలరేగిపోయాడు. ప్రశ్నకు ప్రశ్న, వాదానికి వాదం. గట్టయ్య తలూపుతూ కూర్చున్నాడు. బోర్డు మధ్యలో పర్సనెల్ ఆఫీసర్ లీలావతి నల్ల కళ్ళద్దాల వెనక నుంచి ఇద్దరినీ చూసింది.

చివరి అంకం మిర్యాలగూడలో, ఒక రైస్ మిల్లు గెస్ట్‌హౌస్‌లో. మెడికల్ టెస్ట్ అన్నారు. మధ్యాహ్నం ఎండలో ఒంటికాలి మీద నిలబడమన్నారు.

"దేనికి?" అన్నాడు రామనర్సయ్య.

గట్టయ్య నిలబడ్డాడు.

"మిస్టర్ రామనర్సయ్యా, మీరు వెళ్ళొచ్చు," అన్నారు లోపలి నుంచి.

గంట తర్వాత గేటు బయట అతని పక్కన లీలావతి కారు ఆపింది. లైటర్ వెలిగించి మెల్లగా అడిగింది. "ఈసారి వానలెట్లా ఉన్నాయి?"

"కోదాడలో పడలేదు."

కోడ్ సరిపోయింది. ముఠా మనిషిగా ఉంటూనే డిపార్ట్‌మెంటుకు కబుర్లు పంపే డబుల్ ఏజెంట్ ఈమేనన్నమాట!

"బ్రహ్మాండంగా చేశారు. అందుకే ఓడారు," అందామె. "పోయినేడు కుర్రాడు పెట్టెలో ఏముందని అడిగాడు. కాల్చేశారు. ఈసారి వాళ్ళకు కావలసింది ఏమీ అడగనివాడు. పెట్టె గట్టయ్య చేతిలో ఉంది. కాలువ గేట్ల దగ్గరికి తీసుకెళ్ళమన్నారు, ఇందాకే బస్సెక్కాడు. అయిదింటికి పేలుతుంది."

కాలువ కాపలా చూసే లస్కరు వేషంలో రామనర్సయ్య గేట్ల దగ్గర మాటువేశాడు. మూడయింది. గట్టయ్య రాలేదు. మూడున్నరకు కూడా జాడ లేదు. ముఠా మనసు మార్చుకుందా? బస్సు చెడిపోయిందా?

అప్పుడు కోదాడ చాయ్ గుర్తొచ్చింది.

"ముందు పెద్దగట్టు ఎక్కాలె!"

మోటార్ సైకిల్ సూర్యాపేట వైపు దూసుకుపోయింది. సూర్యాపేట పక్కనే దురాజ్‌పల్లిలో ఆ పెద్దగట్టు మొదట్లో బండిని పడేసి రాళ్ళ మీదుగా పైకి పరుగెత్తాడు. జాతర లేని రోజు, గుట్టమీద ఇద్దరే ఉన్నారు. టై కట్టుకున్న గట్టయ్య చేతులు జోడించి నిలబడ్డాడు. కొడుకు కోసం పొద్దుటి నుంచి అక్కడే కాచుకున్న తల్లి సోమమ్మ తోలుపెట్టెకు పసుపు రాస్తోంది.

"ఇనవడుతుందా కొడుకా? గడియారం గూడ ఇచ్చిన్రు!" అంటోంది సంబరంగా.

"దూరం జరగమ్మా!"

రామనర్సయ్య పెట్టెను లాక్కున్నాడు. సోమమ్మ వదల్లేదు. "నా కొడుకు నౌకరి! ఇడువు, నీ చేతులు ఇరగ!" ఆమె గోళ్ళు అతని చేతిని చీరాయి. పెట్టెను విదిలించి లాగి, గుట్ట వెనక రాళ్ళలోకి బలంకొద్దీ విసిరాడు. పెట్టె నేలను తాకకముందే పేలింది.

పొగ తేరాక ముగ్గురూ బతికే ఉన్నారు. దూరంగా మిర్యాలగూడ దగ్గర కాలువ మామూలుగా పారుతోంది.

ఆ సాయంత్రమే మిల్లులో ముఠా మొత్తం పట్టుబడింది. లీలావతి దొరకలేదు. రెండు వైపులా రాజీనామా ఇచ్చినట్టు లెక్క.

అంతకుముందే, గుట్ట మెట్టుమీద రామనర్సయ్య ఉన్నదంతా చెప్పాడు. తానెవరో కూడా చెప్పాడు. సోమమ్మ చేతులకు పసుపు ఇంకా ఆరలేదు.

"కంపెనీ లేదా? మరి సామికి చెప్పిన గదా!" అంది.

గట్టయ్య బాంబు గురించి గానీ, ముఠా గురించి గానీ ఏమీ అడగలేదు. చివరికి టై సరిచేసుకున్నాడు.

"సార్, మధ్యాహ్నం సంది ఇప్పటిదాంక నౌకరి చేసిన గదా. అనుభవం ఉన్నదని జర కాయితం రాసిస్తరా?"

రామనర్సయ్య సంచిలో అయిదు దేశాల దొంగ పాస్‌పోర్టులున్నాయి. ఆ ఒక్క కాగితం ఇచ్చే అధికారం మాత్రం అతనికి లేదు.