కుండతో చెప్పిన మాట

"ఏటి వైపు నుంచి వస్తే చేప. గుట్ట వైపు నుంచి వస్తే చిలక. రేడియోలో నేను పంపేది ఆ ఒక్క మాటే," అన్నాడు కార్మొడీ దొర.

గ్వాడల్‌కెనాల్ దీవిలో ఏర్‌ఫీల్డ్ అమెరికా వాళ్ళ చేతిలో ఉంది. జపాన్ వాళ్ళు దాన్ని ఎటు నుంచి కొడతారో తేలాలి. వాళ్ళ తరఫున కొండ గుహలో రేడియో పెట్టుకున్న దొరకి ఏజెంటు, ఆ దీవివాడే అయిన తోఘా. మిషన్‌లో ఇంకో పని కూడా ఉంది. శత్రువుల క్యాంపులో మందారం అని ఒక ఆడమనిషి రెండు పక్కలా కబుర్లు మోస్తోంది. ఆమె వాళ్ళ మనిషని తేలితే కత్తి వాడాలి.

మందారం తన చెల్లెలని తోఘా చెప్పలేదు.

కూలీ వేషంలో, బియ్యం మూటతో క్యాంపులోకి దూరాడు. పట్టుబట్ట కట్టి, పెదాలకి రంగు వేసుకుని ఆమె నడుస్తుంటే సోల్జర్లూ కూలీలూ గుడ్లప్పగించారు. తోఘా మూట దించి, కాళ్ళు చాపి కూలబడి, నేల చూశాడు. తోఘా తెగలో ఎదిగిన చెల్లెలి ముఖం అన్న చూడడు, మాట కలపడు. చెప్పక తప్పకపోతే పక్కనున్న ఏ కుక్కతోనో అంటున్నట్టు వినిపిస్తారు. చెల్లెలు అన్న కాళ్ళు దాటితే ఇద్దరికీ కీడు, ఊళ్ళో ఆమెకిక చోటుండదు.

ఆమె పక్కనే పొయ్యి ముందు కూర్చుంది.

"కుండా, విను. ఈ పొద్దు వాలగానే గుట్ట వెనక నుంచి కొడతారు. నన్నూ వెంట తీసుకుపోతున్నారు. అయినా చెప్పెయ్యి."

ఇంతలో కెప్టెన్ మొరికావా వచ్చాడు. యుద్ధానికి ముందు ఈ దీవుల్లోనే వడ్రంగి వేషంలో తిరిగిన గూఢచారి, ఇక్కడి ఆచారాలన్నీ తెలిసినవాడు.

"అందరూ నిన్నే చూశారు. వీడొక్కడే చూడలేదు. నీ అన్నేనా?"



"ఈ పందిమొహంగాడా నాకు అన్న?"

నవ్వుతూనే ఆమె అతని కాళ్ళు దాటింది. మళ్ళీ దాటి వచ్చింది. మొరికావా కూడా నవ్వేసి, కట్టెలు తెమ్మని అతన్ని అడవిలోకి తోలాడు.

గుహ చేరేసరికి పొద్దు వాలుతోంది.

"చేపా, చిలకా?" అడిగాడు దొర.

చేప అంటే ఆమె బతుకుతుంది. ఏర్‌ఫీల్డ్ పోతుంది. దొర మళ్ళీ అడిగాడు.

"చిలక."

ఏటి వైపున్న అమెరికా ఫిరంగులన్నీ గుట్ట వైపు గిర్రున తిరిగాయి. అప్పటికే జపాన్ వాళ్ళ మొదటి వరస గుట్ట దిగువ గడ్డిలోకి వచ్చేసింది. ఆ గడ్డి దాటి ఒక్కరూ రాలేదు. తెల్లారాక మామూలుగానే విమానాలు లేచాయి.

ఆ తరవాత తోఘా ఎన్నడూ కాళ్ళు చాపి కూర్చోలేదు. కునుకు పడితే చాలు, ఎవరో దాటినట్టు చల్లగా నీడ తగిలేది.

మెడల్ ఇచ్చిన రోజు దొర అడిగాడు, ఆ మందారం నిజంగా అంత అందగత్తేనా అని.

"అంటారు దొరా," అన్నాడు తోఘా. "నేను చూడలేదు."