మధ్య సీటుకి బెల్టు

అక్కా, నేనే. ఈ వాయిస్ మెసేజు ఇప్పుడే వినకు, బండి నడుపుతూ ఉంటావు. ఇంటికెళ్ళి, నీతో పంపిన మా పిల్లకి వేడివేడిగా ఏదైనా తాగించి పడుకోబెట్టాక విను. కాస్త పొడుగ్గానే ఉంటుంది. నా సంగతి నీకు తెలుసుగా, నేను మొదలుపెడితే మీ మరిది చెవులు మూసుకుని బయటికెళ్ళిపోతారు. ఇప్పుడూ బయటే ఉన్నారులే. కారుని లాక్కెళ్ళే బండి కోసం మంచులో నిలబడి చూస్తున్నారు.

నేను చెక్‌పోస్టు గదిలో కూర్చున్నా. రేకుల కప్పు, ఓ బల్ల, దాని మీద రిజిస్టరు, ఊగే కుర్చీ ఒకటి. ఇక్కడి గార్డు మమ్మల్ని చూసినప్పటినుంచీ మొహం మాడ్చుకునే ఉన్నాడు. మంచినీళ్ళడిగితే "ఇదేమన్నా హోటలా?" అన్నాడు. పోనీలే.

నువ్వు పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు మా కారు బ్రేకులు పోయాయని చెప్పాను చూడు, అది అబద్ధం అక్కా. బ్రేకులు బ్రహ్మాండంగా ఉన్నాయి. పిల్ల ముందు చెప్పలేక అలా అన్నాను. దాని మెడ మీద ఆ ఎర్రటి గీత చూసి "ఇదేంటే?" అని అడిగావు కదా. చెప్తా.

మొన్న పొద్దున బయల్దేరాం. రైల్లో అయితే ఆరు గంటల్లో నీ ఇంట్లో ఉండేవాళ్ళం. పిల్ల వింటేనా! కోట చూడాలి, కొండ చూడాలి, చివర్లో పెద్దమ్మ వాళ్ళ సముద్రం చూడాలి. సరే అని కారు అద్దెకి తీసుకున్నాం. ఎక్కినప్పటినుంచీ మీ మరిదికీ నాకూ పడలేదు. నేను కుడి అంటే ఆయన ఎడమ. కోట ఊళ్ళో గైడుతో గొడవ, గడియారం స్తంభం ఉన్న ఊళ్ళో లాడ్జి వాడితో గొడవ. వెనక సీట్లో పిల్ల బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. పదేళ్ళది, దానికేం తెలుసు పాపం.

ఇవాళ పొద్దున కొండెక్కాం. పైన ఒక మలుపు దగ్గర పిట్టగోడ విరిగిపోయి ఉంది. ఓ మనిషి పట్టేంత సందు. అవతల లోయ, అడుగున తెల్లగా మబ్బు. పిల్ల ఫోటోలంది. దిగాం. నాలుగు తలుపులూ బార్లా తెరిచి పెట్టేశాం అక్కా, పది నిమిషాలు. గాలి ఆడుతుందని నేనే అన్నాను.

తిరిగి ఎక్కి ఇంత దూరం పోయామో లేదో, టింగ్... టింగ్... టింగ్...

ఈ కొత్త కార్లలో స్టీరింగ్ వెనక చిన్న చిన్న మనిషి బొమ్మలుంటాయి కదా. ఎవరైనా కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే వాళ్ళ బొమ్మ ఎర్రగా వెలుగుతుంది. వెలిగింది ఏదీ? వెనక మధ్య సీటు. అక్కడెవరున్నారు? పిల్ల కిటికీ పక్కన, బెల్టు పెట్టుకుని, బుద్ధిగా ఉంది.

"దాని బ్యాగు తియ్యి, బరువుంటే మోగుతుంది," అన్నారు మీ మరిది.

తీశాను. టింగ్ టింగ్.

"నా బుర్ర తినేస్తోంది. దిగి ఆ బెల్టేదో పెట్టి తగలెయ్!" అని కారాపారు.

దిగాను. వెనక తలుపు తీసి, పిల్ల మీదుగా వంగి, ఖాళీ సీటుకి బెల్టు లాగి టక్కుమని పెట్టాను. అక్కా, నేను పద్దెనిమిదేళ్ళుగా స్కూలు బస్సులో ఆయాని. రోజుకి నలభైమందికి పెడతాను బెల్టులు. ఎక్కించేటప్పుడు ఒక మాట, దించేటప్పుడు ఒక మాట. నాలిక్కి అలవాటైపోయింది. నిద్రలో కూడా అంటానని మీ మరిది వెక్కిరిస్తారు. మన పిల్లా అదే బస్సులో వస్తుందిగా, "దిగు తల్లీ, ఇల్లొచ్చింది" అన్నానంటే చాలు, కళ్ళు మూసుకునే బెల్టు తీసేసుకుని తలుపు మీద చెయ్యేస్తుంది. ఇంట్లో సోఫాలో పడుకున్నా అంతే. నవ్వుకుంటాం.

ఆ అలవాటు కొద్దీ, ఖాళీ సీటుకి బెల్టు పెట్టి, దాన్ని ఇలా తట్టి, "కదలకుండా కూర్చో తల్లీ, ఇంటిదాకా నేనున్నాగా," అనేశాను.

"అమ్మా, సీటుక్కూడానా!" అని పిల్ల పడీపడీ నవ్వింది. మీ మరిది కూడా నవ్వారు, రెండ్రోజుల్లో మొదటిసారి.

మోత ఆగింది.

ఆ తర్వాతే మంచు పట్టింది. మధ్యాహ్నం మూడింటికి లైట్లేసుకుని పోతున్నాం. ముందు కారు పొడవంత దూరం కూడా కనబడట్లేదు. కారంతా ఒక వాసన. వాడకుండా వదిలేసిన బావిలోంచి వస్తుంది చూడు, నాచు వాసన, అలాంటిది. అద్దాలు దించితే పోతుందేమో అని దించాను. బయట ఆ వాసన లేదు. లోపలే.

పిల్ల మాట్లాడటం మానేసింది. అది నా కూతురక్కా, ఊరుకుంటుందా? పిలిచాను. గుసగుసగా అంది, "అమ్మా... వెనక్కి తిరగకు."

"ఏమైందే?"

"బెల్టు చూడు... అద్దంలో."

నా ముందున్న ఎండ అట్ట దించాను. దానికి చిన్న అద్దం ఉంటుంది కదా. చూశాను.

ఖాళీ సీటుకి పెట్టిన బెల్టు ఎలా ఉంటుంది? సీటుకి అంటుకుని, పల్చగా. ఇది అలా లేదక్కా. సీటుకి జానెడు దూరంలో నిలబడి ఉంది. భుజం దగ్గర ఒంపు. పొట్ట దగ్గర ఒంపు. మధ్యలో ఏమీ లేదు. ఉత్త గాలి. ఆ గాలి మీద బెల్టు... లేస్తోంది. దిగుతోంది. లేస్తోంది.

ఊపిరి తీస్తున్నట్టు.

"ఏవండీ, ఆపండి," అన్నాను.

"ఈ మలుపులో ఆపితే వెనకొచ్చే లారీ మన మీదెక్కుతుంది. నీకేమన్నా పిచ్చా?" అని కసిరారు. ఆ కసురులోనే పై అద్దంలోకి చూశారు. స్టీరింగ్ మీద వేళ్ళు తెల్లబడిపోయాయి.

టింగ్.

ఈసారి మధ్య బొమ్మ కాదు. దాని పక్క బొమ్మ ఎర్రగా వెలిగింది. మన పిల్లది.

"బెల్టు తీశావా తల్లీ?"

"లేదమ్మా... పెట్టుకునే ఉన్నా." గొంతు సన్నగా అయిపోయింది. "ఇక్కడెవరో... ఇరుక్కుని కూర్చుంటున్నారు. అమ్మా, బిగుసుకుంటోంది..."

ఆయన బ్రేకు తొక్కారు. నేను దూకి వెనక తలుపు తీశాను. బెల్టు పిల్ల మెడలోకి దిగబడిపోతోంది. మొహం నల్లబడుతోంది. ఎర్ర బటన్ నొక్కాను. కదల్లేదు. రెండు చేతులా నొక్కాను. నలభైమంది పిల్లల బెల్టులు తీసే చేతులక్కా ఇవి... ఒక్కటి తియ్యలేకపోయాయి. నా మొహానికి చల్లటి గాలి తగిలింది, చాలా దగ్గర్నుంచి. నాచు వాసన. అది నన్ను చూస్తోంది. దానికి నేనంటే కోపం కాదు. అసహ్యం. అది ఎలా తెలిసిందని అడక్కు, తెలిసింది.

అప్పుడేం తోచిందో... ఎక్కించిన మాట నాదే కదా. దించే మాట కూడా నేనే అనాలనిపించింది. మధ్య సీటు వైపు తిరిగి, ఏడుస్తూనే, "దిగు తల్లీ, ఇల్లొచ్చింది," అన్నాను.

ఒక్క క్షణం అన్నీ ఆగిపోయాయి.

టక్.

మధ్య బెల్టు దానంతటదే ఊడింది. సర్రున లోపలికి పోయింది. అవతలి తలుపు తెరుచుకుంది. ఎవరూ తియ్యలేదు. బెల్టు వదులైపోయి పిల్ల నా చేతుల్లో పడింది.

ఇల్లెక్కడక్కా అక్కడ? పక్కన లోయ. నేను అబద్ధం చెప్పి దించేశాను. పిల్లనెత్తుకుని పరిగెడుతూ ఒక్కసారి వెనక్కి చూశాను. తలుపులన్నీ మూసే ఉన్నాయి. మేం ముయ్యలేదు.

అదీ సంగతి. ఇక్కడిదాకా నడిచొచ్చి నీకు ఫోన్ చేశాం. పిల్లకి ఇదంతా కల అని చెప్పు. అడిగితే బ్రేకులు పోయాయనే చెప్పు. కారు జోలికి మేం పోం, లాక్కెళ్ళేవాళ్ళే చూసుకుంటారు. సరే, ఉంటా... అదిగో నీ దగ్గర్నుంచి ఏదో వచ్చింది. విని మళ్ళీ చేస్తా.

అక్కా.

అక్కా, ఎక్కడున్నావు? ఫోనెత్తు. ఏడుసార్లు చేశా, కలవట్లేదు. ఇందాక పెట్టినదానికి ఒక్క టిక్కే ఉంది, నీకు చేరనే లేదు. నీది మాత్రం నాకు చేరింది. ఇరవై సెకన్లది. నాలుగుసార్లు విన్నాను.

"ఒసేయ్, దారంతా మంచేనే. మెల్లగా పోతున్నా, ఇంకో గంట పడుతుంది. పిల్ల వెనక సీట్లో పడుకుంది. బెల్టు పెట్టే ఉంది, అయినా ఏదో టింగ్ టింగ్‌మని మోగుతోంది. పైగా కారంతా ఒకటే నాచు కంపు. ఏం తొక్కొచ్చారే?" అని నవ్వావు.

దాని తర్వాత ఇంకో నాలుగు సెకన్లుంది అక్కా. నువ్వు ఫోను పక్కన పడేసినట్టున్నావు. టైర్ల చప్పుడు. ఆ చప్పుడు వెనకాల, మెల్లగా, ముద్దుగా, నా గొంతు.

"దిగు తల్లీ, ఇల్లొచ్చింది."

దాని వెనకే... టక్.

అక్కా, కారాపు. పిల్లని లేపు. పిలిచింది నేను కాదని చెప్పు...