మక్కపిండి కవరు

గోదావరిఖని చౌరస్తా వెనక బజారులో అందరికన్నా ముందు తెరుచుకునేది కనకవ్వ దుకాణమే. మొదటి షిఫ్టు బొగ్గుగని కార్మికులు చాయ్ తాగి కదిలేసరికి ఆమె షట్టరు ఎత్తి, దండేనికి బకెట్లు వేలాడదీసి, బిందెలు, మగ్గులు, టిఫిన్ డబ్బాలు గుమ్మం ముందు పేర్చి, కవర్ల కట్టలు పక్కన పెట్టుకొని కూర్చునేది. ఇరవై ఏళ్లుగా అదే పని. కవరును బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒక్కసారి నలిపితే చాలు, అది ఎంత బరువు మోస్తుందో చెప్పేసేది.

ఆ సోమవారం ఇంకా బోణీ కాకముందే మున్సిపాలిటీ వాళ్లు ముగ్గురు వచ్చారు. పలుచటి కవర్లు అమ్మకూడదని నెల కిందటే ఆటోలో మైకు పెట్టి చెప్పించారు. కనకవ్వ కూడా విన్నది. బజారంతా అమ్ముతుంటే తానొక్కతే ఎందుకు మానాలని ఊరుకుంది. వాళ్లు వస్తూనే కట్టలన్నీ బండిలోకి ఎక్కించారు.

"ఇంత బజార్ల నా దుకాణమే కనవడ్డదా సారూ?" అని అడిగింది.

"అందరి దగ్గరికి పోతున్నమవ్వా. లిస్టుల నీ పేరే ముందున్నది," అంటూ ఒకాయన చేతిలో కాగితం చూపించాడు. "చదువుకున్న పిల్లలు నలుగురు తిరిగి సర్వే చేసిచ్చిండ్రు."

కనకవ్వ చదివింది ఐదో తరగతే. అయినా ఆ గుండ్రటి అక్షరాలను గుర్తుపట్టడానికి అంతకుమించిన చదువు అక్కరలేదు. అది తన కూతురు దీప రాత. వరంగల్‌లో కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ ముగించి రెండు నెలల కిందటే ఇంటికొచ్చిన ఒక్కగానొక్క కూతురు.

పది కాకుండానే షట్టరు దించేసి కంపెనీ క్వార్టర్‌కు నడిచింది. భర్త ముత్యం రాత్రి షిఫ్టు దిగొచ్చి అన్నం తింటున్నాడు. దీప వడ్డిస్తోంది.

"సర్వే కాయిదం రాసింది నువ్వేనా?"

దీప గరిటె కింద పెట్టింది. "నేనేనమ్మా."

"నా పేరే ముందు రాసినవు."

"మన దుకాణం ఇడిచిపెట్టి వేరేటోళ్ల పేర్లు రాస్తే నన్నెవలు నమ్ముతరు? నీకు ముందే చెప్దామనుకున్న. భయమైంది."

"భయమైందా? గా కవర్లు అమ్ముకుంటనే కాదే నిన్ను చదివిచ్చింది? గప్పుడు కాలేదా భయం?"

"కనకా, జర నిమ్మళంగ..." అన్నాడు ముత్యం.

"నువ్వు ఊకో."

దీప ముఖం ఎర్రబడింది. దాచింది ఎలాగూ బయటపడింది, మిగిలింది కూడా చెప్పేయాలనుకుంది. "ఇంకోటి గూడ చెప్త. కాలేజీల పాఠాలు చెప్పే కొలువుకు నేను పోతలేను. సుల్తానాబాద్ కాడ మక్కజొన్న పిండితోని కవర్లు చేసే చిన్న కార్ఖానా పెట్టిండ్రు. అండ్ల చేరుత. ఆ కవరు మట్టిల పడితే మట్టిల్నే కలుస్తది. మన కాలనీ మోరి చూడమ్మా, వానొస్తే చాలు కవర్లు అడ్డం పడి నీళ్లు ఇండ్లల్లకు వస్తున్నయ్. ప్లాస్టిక్కు ఏం మేలు చేసిందని ఇంకా..."

"ఏం మేలు చేసిందా?" కనకవ్వ గోడకు ఆనుకొని నిలబడింది. ఆమె గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. "కూసో. చెప్త."

ముత్యం చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"గప్పటికి మాకు క్వార్టర్ రాలేదు. గుడిసెల ఉండేది. నీళ్లకు దిబ్బ దిగి పోవాలె. నెత్తి మీద ఒక ఇత్తడి బిందె, సంకల ఒకటి. నీళ్లు నిండితే ఎంత బరువుంటదో నీకు తెల్వదు. నాకు ఏడో నెల. ఈయన డ్యూటీల ఉన్నడు. దిబ్బ మీద కాలు జారింది. కడుపు మీదనే పడ్డది బిందె. రెండు దినాలకు దవాఖానల పుట్టింది ఆడపిల్ల. ఏడ్వలేదు."

దీపకు ఇరవై మూడేళ్లు వచ్చాయి. తనకంటే ముందు ఒక బిడ్డ పుట్టి పోయిందని ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

"మర్సటేడు మీ బాపు నీలపు ప్లాస్టిక్ బిందె తెచ్చిండు. ఎత్తితే పువ్వు లెక్కున్నది. నువ్వు కడుపుల ఉన్నన్ని దినాలు గదే మోసిన. నువ్వు దక్కినవు. గందుకే పెట్టుకున్న ఆ దుకాణం. నా అసొంటోళ్ల నడుము ఇరగొద్దని పెట్టుకున్న. నువ్వు అదేం మేలు చేసిందంటున్నవు."

దీప వచ్చి తల్లి కాళ్ల దగ్గర కూర్చుంది.

"నాకు తెల్వదమ్మా. తెలిస్తే గట్ల అనకపోదు. ఆ బిందె మీద నాకు కోపం లేదు. అది ఏండ్లకేండ్లు నీళ్లు మోసింది. కవరేమో పావుగంట మోసి, మన తర్వాతోళ్లు పోయినా మట్టిల అట్లనే ఉంటది. నా కొట్లాట దానితోనే."

కనకవ్వ కూతురి తల మీద చెయ్యి వేయలేదు. లోపలికి వెళ్లి పడుకుంది.

మూడు రోజులు తల్లీకూతుళ్లకు మాటల్లేవు. నాలుగో రోజు దుకాణం ముందు గోల వినిపించి కనకవ్వ తలెత్తింది. పక్కన వండిన కూరలు అమ్మే మొగిలి, చేతిలో సాగిపోయిన తెల్లటి కవరు పట్టుకొని నవ్వుతున్నాడు. ఎదురుగా దీప తల వంచుకొని నిలబడి ఉంది.

"చూసినవా కనకవ్వా నీ బిడ్డ కవరు? సుల్తానాబాద్‌ల చేసిందట, వాడి చూడన్నా అని ఇస్తే సాంబారు పోసిన. అడుగు ఊడి, కొన్నాయన ప్యాంటు మీద పడ్డది. మక్కపిండి గద, గాయనకు గట్క వండి పెట్టినట్టయింది."

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. దీప కళ్లలో నీళ్లు తిరగడం కనకవ్వ చూసింది. మూడు రోజులుగా గుండెలో పేరుకున్న కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. లేచి వచ్చి కవరు అందుకుంది. వేళ్ల మధ్య నలిపింది. రెండు చేతులా పట్టి లాగింది.

"మొగిలీ, సాంబారు ఉడుకుడుకు పోసినవా?"

"మరి సల్లగైనంక పోస్తరా?"

"ఉడుకుడుకు కూరకు ఇది పనికిరాదు. గిన్నె తెచ్చుకొమ్మను, మనోళ్లు గనికి టిఫిను పట్కపోతలేరా? కవరు మాత్రం మంచిగనే ఉన్నది. అడుగు అతుకే సక్కగ పడలేదు." కూతురి వైపు తిరిగింది. "ఇది చేసెటోళ్ల కాడికి నన్ను తోల్కపో."

మరునాడు ఇద్దరూ బస్సెక్కి సుల్తానాబాద్ వెళ్లారు. కార్ఖానా అంటే పాత వడ్ల గోదాములో రెండు యంత్రాలు, ఆరుగురు మనుషులు. యజమాని జైపాల్ ఈ మధ్యే ఈ పనిలోకి దిగినవాడు. కనకవ్వ కవరు అడుగు తిప్పి చూపించి, అతుకు వేడి ఎక్కువై అంచు కాలి పలుచబడుతోందని చెప్పింది. అతడు నమ్మీ నమ్మనట్టే వేడి తగ్గించి, అంచు నుంచి కొద్దిగా జరిపి రెండు వరసల అతుకు వేయించాడు. ఆమె అందులో మూడు కిలోల టమాటలు పోసి, చేతికి తగిలించుకొని గోదాము చుట్టూ రెండుసార్లు నడిచింది. కవరు నిలిచింది.

"వారానికొకసారి వచ్చి చూసి పోతవా అవ్వా?" అన్నాడు జైపాల్.

"నేనెందుకు? నా బిడ్డ వస్తది గద. దానికి నేర్పుత," అంది కనకవ్వ.

దీప చటుక్కున తల్లి ముఖంలోకి చూసింది. కనకవ్వ టమాటలు బుట్టలోకి వంపుకుంటోంది.

తిరుగు బస్సులో రామగుండం పొగగొట్టాలు కనిపిస్తున్నప్పుడు దీప మెల్లగా అడిగింది.

"అమ్మా, అక్క ఎవరి లెక్కుండె?"

కనకవ్వకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక దీప వైపు తిరిగింది. పేరైనా పెట్టకుండా గోదావరి ఒడ్డున పాతిపెట్టి వచ్చిన బిడ్డ. ఆ బిడ్డ ఊసు ముత్యం ఎత్తలేదు, తనూ ఎత్తలేదు. ఇన్నేళ్లకు ఒకరు అక్క అని వరస పెట్టి పిలిచారు.

"నీ లెక్కనే," అంది. "నొసలు పెద్దగుండె."

దీప ఆమె చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. బస్సు గోదావరిఖని చేరేదాకా కనకవ్వ ఏడుస్తూనే ఉంది, కూతురి భుజం మీద తల పెట్టుకొని, ఆ బిడ్డ గురించి ఒక్కొక్క మాటే చెప్పుకుంటూ.