పై గదికి వెళ్లే వైరు

స్కూల్ బ్యాగు సోఫా మీద పడేసి ఉడత మెట్ల వైపు చూసింది. పై గది తలుపు మూసే ఉంది. ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు.

ఉడత అంటే నిజం ఉడత కాదు, నాలుగో తరగతి అమ్మాయి. చిన్నప్పుడు ఇంట్లో ఆమె ఎక్కని అల్మారా లేదు. అందుకని నాన్న ఆ పేరు పెట్టాడు. నాన్న బస్సు నడుపుతాడు. అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఇద్దరూ ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. అందాకా ఇంట్లో ఉండేది ఉడతా, అక్కా.

ఆ అక్క కూడా ఉన్నా లేనట్టే. కంప్యూటర్ కోర్సులో చేరిన దగ్గర్నుంచి పై గదిలో తలుపేసుకుని కూర్చుంటుంది. మళ్లీ భోజనానికే కిందికి దిగడం. ఉడత హాల్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చునేది. స్కూల్లో జరిగిన కబుర్లు ఎన్నో ఉండేవి. రాత్రి అమ్మ వచ్చేసరికి వాటిని చెప్పాలన్న హుషారే పోయేది.

ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే డబ్బా హాల్లో, పాత కంప్యూటర్ పక్కన ఉంది. ఆ డబ్బాకి ఒక్క వైరే పడుతుంది. అందుకే అక్క ఒక ఏర్పాటు చేసింది. డబ్బా నుంచి పాత కంప్యూటర్‌కి ఒక వైరు, అక్కణ్నుంచి మెట్ల పక్కగా పై గదికి ఇంకో వైరు. కింది కంప్యూటర్ తన నెట్‌ని పై కంప్యూటర్‌తో పంచుకుంటుందన్నమాట. కింద ఏ తేడా వచ్చినా పైన నెట్ ఆగిపోతుంది.

ఒకసారి నిజంగానే తేడా వచ్చింది. అక్క కిందికి వచ్చి, ఉడత చేతికి టార్చి ఇచ్చి, బల్ల కిందికి దూరింది. ముందు కరెంటు చూడాలంది. తర్వాత డబ్బా మీద లైట్లు, తర్వాత వైర్లు, అప్పటికీ రాకపోతే సెట్టింగులు. సెట్టింగుల్లో షేరింగ్ దగ్గర చిన్న టిక్ ఉంటుందనీ, అది తీసేస్తే కింద నెట్ ఉన్నా పైకి రాదనీ చూపించింది కూడా. ఇంతా చేసి చూస్తే వైరు వదులైంది, అంతే. బల్ల కింది దుమ్ముకి అక్క ఆపకుండా తుమ్మింది. ఉడత పడీ పడీ నవ్వింది. అక్కా నవ్వింది. ఉడత చెప్పిన కబుర్లన్నీ అక్కడే కింద కూర్చుని వింది.

మర్నాడు ఆ వైరు మళ్లీ వదులైంది. దానంతటది కాదులెండి. మీరు అనుకుంటున్నదే నిజం.

అలా తరచూ వదులవుతూ వచ్చింది. ఈ వైరుకి ఏ దెయ్యం పట్టిందోనని అక్క విసుక్కుంటుంటే, ఉడత ఏమీ ఎరగనట్టు టార్చి పట్టుకునేది. కానీ రానురాను అక్క వస్తూనే వైరు బిగించేసి వెళ్లిపోసాగింది. కూర్చోవడం లేదు, నవ్వడం లేదు.

అందుకే ఈ రోజు ఉడత వైరు జోలికి పోలేదు. పాత కంప్యూటర్ ముందు కూర్చుని ఆ టిక్ తీసేసింది. ఇది కనిపెట్టాలంటే అక్కకి చాలాసేపు పడుతుంది. అంతసేపూ తన పక్కనే ఉంటుంది.

పైన తలుపు ధడాలున తెరుచుకుంది. అక్క పరుగున దిగి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. టార్చి ఇవ్వలేదు, ఉడత వైపు చూడను కూడా చూడలేదు.

ఏమైందని అడిగితే, కోర్సు చివరి పరీక్ష జరుగుతోందని గబగబా చెప్పింది. మాస్టారు ప్రశ్నలు అడుగుతుండగా తెర ఆగిపోయిందట. ఇది పోతే కోర్సంతా మళ్లీ మొదటి నుంచి చదవాలట.

ఈ రోజు పరీక్ష అని ఉడతకి తెలియదు. తెలుసుకుందామని అడిగిందీ లేదు.

కరెంటు ఉంది. లైట్లు వెలుగుతున్నాయి. వైర్లు గట్టిగా ఉన్నాయి. కింద నెట్ చక్కగా వస్తోంది. కంగారులో అక్కకి సెట్టింగుల సంగతే గుర్తు రాలేదు. అవే వైర్లు పీకుతోంది, మళ్లీ పెడుతోంది.

చెబితే ఇన్నాళ్ల సంగతీ బయటపడుతుంది. ఇంక అక్క ఎప్పటికీ తన దగ్గర కూర్చోదు. అంతలో అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అక్కా, వైరు కాదు. ఆ టిక్ నేనే తీసేశాను" అంది ఉడత. "అప్పుడు వైరు లాగింది కూడా నేనే."

అక్క టిక్ పెట్టి పైకి పరుగెత్తింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఉడతకి.

పైనుంచి అక్క గొంతు సన్నగా వినిపించింది. కాసేపటికి అదీ ఆగిపోయింది. ఉడత ఎదురుచూసింది. ఎవరూ దిగి రాలేదు. కిటికీలోంచి వెలుతురు తగ్గిపోయింది. హాల్లో ఇంత ఒంటరిగా ఆమెకి ఎప్పుడూ అనిపించలేదు. వైరు చేతికందే దూరంలోనే ఉంది. ఉడత లేచి మెట్లెక్కింది.

తలుపు తట్టగానే అది కాస్త తెరుచుకుంది. లోపల గడియ పెట్టి లేదు. ఇన్నాళ్లూ అది ఊరికే దగ్గరికి వేసి ఉన్న తలుపే. అల్మారాలన్నీ ఎక్కిన ఉడత ఒక్కసారైనా ఈ మెట్లెక్కి చూడలేదు.

అక్క వెనక్కి తిరిగింది. "మళ్లీ నెట్ పోయిందా?"

"లేదక్కా, నెట్ బాగానే ఉంది." ఉడత గుమ్మంలోనే నిలబడింది. "కింద నాకే ఎవరూ లేరు."

మిగతా ప్రశ్నలు మాస్టారు అడిగారనీ, పాసో కాదో ఇంకా తెలియదనీ అక్క చెప్పింది.

"నీ మీద కోపం పోలేదు నాకు" అంటూనే పక్క కుర్చీ మీది పుస్తకాలు తీసి కింద పెట్టింది. "ఆ మాట ముందే వచ్చి చెప్పొచ్చు కదే."

మర్నాడు ఉడత బ్యాగుతో సహా నేరుగా మెట్లెక్కింది. లోపల అక్క ఎవరితోనో పాఠం గురించి మాట్లాడుతోంది. ఉడత పై మెట్టు మీద కూర్చుంది. పక్కనే ఉన్న వైరు మీద కాలు పడకుండా సర్దుకుని, హోంవర్క్ తీసింది. లోపల మాటలు ఆగాక లేచి తలుపు తట్టింది.