మేడ మీది రాగి దండెం

బావను సెలూన్ కుర్చీలో కాల్చి చంపారు. ఫోటోలో ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద ఇంకా నురగ ఉంది. ఏజెంట్ ట్యూనర్ ఆ ఫోటోను ఒకసారి చూసి మళ్ళీ ఫైల్లో పెట్టేశాడు. పోయింది సొంత అక్క భర్త, పైగా డిపార్ట్‌మెంట్‌లో తనకు పని నేర్పిన సీనియర్. అయినా లోపల ఏమీ కదల్లేదు. నిన్న అక్క తన చొక్కా పట్టుకుని ఏడుస్తున్నప్పుడూ అంతే. కాలికి పట్టే తిమ్మిరి మనిషంతటికీ పట్టినట్టుంది.

"నీ పిచ్చితో పని పడింది," అన్నాడు చీఫ్.

ఆ పిచ్చి సంగతి ఆఫీసంతా ఎరుగుదురు. అగ్గిపెట్టెంత రేడియోలు కూడబెట్టడం, కిటికీ ఊచకు నాలుగు గజాల రాగి తీగ తగిలించి ఎక్కడెక్కడి స్టేషన్లనో పట్టడం. ట్యూనర్ అనే కోడ్ నేమ్ అలా వచ్చిందే. "నీకా భాష రాదు, వాళ్ళకి నువ్వెవరో తెలీదు. ఏం చుట్టరికంరా మీకు, బామ్మర్దీ?" అని బావ ఆటపట్టించేవాడు. ఆటపట్టిస్తూనే పక్కన కూర్చుని, రెండో ఇయర్‌ఫోన్ తన చెవిలో పెట్టుకునేవాడు.

బ్రీఫింగ్ ముక్తసరిగా సాగింది. ఊళ్ళో ఒక విదేశీ ముఠా దిగింది. పెద్ద హోటల్ వెనక సందుల్లో ఎక్కడో చిన్న ట్రాన్స్‌మిటర్ దాచింది. మూడు రోజులుగా పదకొండున్నరకు దాని నుంచి టెస్టింగ్ హమ్, అంటే ఒక సన్నటి హోరు, మొదలవుతోంది. పన్నెండింటికి ఒక ఆడగొంతు అంకెలు చదువుతోంది. బావ ఆ అంకెల గుట్టు విప్పాడు, మర్నాడే చంపేశారు. అంకెల్లో తేలింది ఇదీ: ఇవాళ పన్నెండింటికి అంకెలు ఉండవు, ఒక్క బీప్ ఉంటుంది. హోటల్ కాన్ఫరెన్స్ హాల్లో రెండు దేశాలవాళ్ళు శాంతి ఒప్పందం మీద సంతకాలు పెట్టే వేళకు, ఆ బీప్ అందుకుని బాంబు పేలుతుంది.

"ఖాళీ చేయిద్దామంటే హోటల్ మీద వాళ్ళ కన్నుంది. జనం కదిలితే ముందే నొక్కేస్తారు. మన యాంటెన్నా వ్యాన్ సందులోకి వచ్చినా అంతే. జేబు రేడియోవాణ్ణి మాత్రం ఎవడూ పట్టించుకోడు."

ఇంకో మాట కూడా చెప్పాడు చీఫ్. బావ సెలూన్‌కు వెళ్ళే టైము ముగ్గురికే తెలుసు. ట్యూనర్‌కు, అక్కకు, మేడమ్‌కు. మేడమ్ అంటే ముఠాలో దుబాసీగా ఉంటూ డిపార్ట్‌మెంట్‌కు సమాచారం చేరవేసే మనిషి.

పదకొండున్నరకు ట్యూనర్ కరెంటు మీటర్ రీడర్ యూనిఫాంలో మందుల షాపు ముందు నిలబడ్డాడు. చెవిలో ఇయర్‌ఫోన్, అరచేతిలో రేడియో. హమ్ దొరికింది. రేడియోను మెల్లగా తిప్పాడు. లోపల యాంటెన్నాగా పనిచేసే ఫెర్రైట్ కడ్డీ కొన ట్రాన్స్‌మిటర్ వైపు తిరిగితే శబ్దం పడిపోతుంది. పడిపోయింది. ఆ దిక్కును మ్యాపులో గీతగా గీశాడు. సందు చివరికి నడిచి, అక్కడా తిప్పి, రెండో గీత గీశాడు. రెండు గీతలూ ఒక నాలుగంతస్తుల మేడ దగ్గర కలిశాయి. అప్పటికి పదకొండూ యాభై నాలుగు.

మెట్లెక్కి పైకి వెళ్ళాడు. మేడ మీద ఐదు దండేలున్నాయి. నాలుగింటి మీద తడి బట్టలు నీళ్ళు కారుతున్నాయి. ఐదో దాని మీద ఒకే ఒక్క చొక్కా, ఎండి పెళపెళలాడుతోంది. ఆ దండెం రాగి తీగ, అంటే యాంటెన్నా. దాన్ని రెండు చివర్లా పింగాణీ బిళ్ళలకు కట్టారు. అందులోంచి దిగిన ఇంకో తీగ వాటర్ ట్యాంక్ పక్క గదిలోకి పోతోంది. ఇనుప తలుపు, లోపలి నుంచి గడియ. తలుపు పగలగొట్టే టైము లేదు. చీఫ్‌కు అడ్రస్ మెసేజ్ పెట్టి, జేబులోంచి కటింగ్ ప్లయర్ తీశాడు.

"అది కింద పడేయండి," అంది వెనక నుంచి ఒక గొంతు.

మేడమ్. ఆకుపచ్చ పట్టు చీర, నల్ల కళ్ళద్దాలు, చేతిలో సైలెన్సర్ బిగించిన చిన్న పిస్టల్.

"మా బావ టైము మీరే చెప్పారా?"

"అడిగారు, చెప్పాను. వాళ్ళ అంకెల కోడ్ మీ బావకి ఇచ్చాను, మీ బావ టైము వాళ్ళకి ఇచ్చాను. ఎవరికీ తక్కువ చెయ్యలేదు."

ఆ మాటకు ఒళ్ళు మండాలి. మండలేదు. పిస్టల్ చూసి భయం వేయాలి. అదీ వేయలేదు. ట్యూనర్ ఆమెకు వీపు పెట్టి, తీగను ప్లయర్ నోట్లో ఇరికించాడు.

"కాలుస్తాను," అంది.

"కాల్చండి."

చెవిలో హమ్ ఆగింది, పన్నెండు కొట్టిందన్నమాట. ప్లయర్ నొక్కాడు. తీగ టప్పున తెగి చొక్కాతో సహా కిందపడింది. ఆ వెంటనే ఇయర్‌ఫోన్‌లో బీప్ వినిపించింది, దోమ రొదంత సన్నగా. గోడ పక్కనే ఉన్న తనకే అంతంత మాత్రంగా అందినది వీధి అవతలి హోటల్‌కు చేరదు. అయినా ముప్పై దాకా లెక్కపెట్టాడు. హోటల్ కిటికీలో ఎవరో పరదా సర్దారు. అంతే.

మేడమ్ కూడా హోటల్ వైపే చూస్తోంది. చూసి, పిస్టల్‌ను హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

"నేను కాల్చలేదని రిపోర్టులో రాయండి."

"రాస్తాను. దానికి పై లైన్లో సెలూన్ సంగతి రాస్తాను."

చీఫ్ మనుషులు దబదబా మెట్లెక్కి వచ్చారు. ట్యాంక్ గదిలోంచి ఆపరేటర్‌ను ఈడ్చుకొచ్చారు, మేడమ్‌కు బేడీలు వేశారు, రాగి తీగను సాక్ష్యం కింద చుట్టి పట్టుకుపోయారు. ట్యూనర్ అక్కకు ఫోన్ చేసి, బావ మొదలుపెట్టిన పని పూర్తయిందన్నాడు. నువ్వేమైనా తిన్నావా అని అడిగింది అక్క. లేదన్నాడు. రమ్మంది. ఫోన్ పెట్టేశాక, ఏదైనా అనిపిస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడి చూశాడు. ఏమీ అనిపించలేదు.

ఈలోగా మూడో అంతస్తు ఇల్లాలు బకెట్టు నిండా తడి బట్టలతో పైకొచ్చింది. ఖాళీ గోడను చూసింది, ట్యూనర్ చేతిలోని ప్లయర్‌ను చూసింది.

"దండెం తెంపింది మీరేనా? కరెంటోళ్ళకి దండేలతో ఏం పనండీ? ఇవి ఎక్కడ ఆరెయ్యాలి నేను?"

ట్యూనర్ కిందికి దిగి ప్లాస్టిక్ తాడు కొనుక్కొచ్చాడు. హోటల్లోంచి బాంబు తీసేశాక, రెండు దేశాల మధ్య అరగంటలో శాంతి కుదిరింది. మేడ మీద మాత్రం, దండెం రెండుసార్లు విప్పి బిగించి కట్టేదాకా కుదరలేదు.